మీకు తెలుసా? పుట్టలో తాత, కోర్టులో పుట్టని బిడ్డ

మా మేనకోడలు డాక్టరు చదువుకని ఫిలిప్పీన్స్ వెళ్లిన వారానికి ఫోన్ చేసింది. కూరల్లో కారం లేదని పది నిమిషాలు ఏడ్చాక, "ఒక్కటి మాత్రం నయం మావయ్యా, ఇక్కడ బాత్రూంలో మగ్గు ఉంది" అంది. దాన్ని వాళ్లు 'తాబో' అంటారు. పిడి ఉన్న ప్లాస్టిక్ చెంబు, అంతే. పూర్వం కొబ్బరి చిప్పతోనో వెదురు బొంగుతోనో చేసుకునేవారు. పరాయి దేశాలకు పనికి వెళ్లే ఫిలిపినోలు పెట్టెలో తాబో పెట్టుకు వెళ్తారన్నది వాళ్లమీద వాళ్లే వేసుకునే జోకు. షవరు కింద నిలబడితే ఎన్ని నీళ్లు పోయాయో తెలియదు. బకెట్‌లో ముంచుకుంటే లెక్క కళ్లెదుటే ఉంటుంది.

ఆ ఫోన్ తరువాత ఆ దేశం గురించి వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివినవాటిలో కొన్ని ఇవి.

కాలి కింద కొబ్బరి డొక్క

కొబ్బరి ఈనెల చీపురు మనదే అనుకుంటాం. అక్కడా ప్రతి వాకిట్లో అదే. పేరు 'వాలిస్ తింగ్‌తింగ్'. ఇంటి లోపలికి వేరే మెత్తటి చీపురు, గడ్డి కంకులతో కట్టింది. మన దగ్గర లేని సంగతి ఒకటుంది. ఎండిన కొబ్బరికాయ డొక్కను అడ్డంగా సగానికి కోసి, పీచు కుచ్చులు కిందికి వచ్చేలా చెక్క నేలమీద బోర్లిస్తారు. మైనం రాసిన నేలమీద, ఒక కాలు దానిమీద పెట్టి, రెండో కాలు ఆనించి, నడుము ఊపుతూ ముందుకీ వెనక్కీ రుద్దుతారు. దాని పేరు 'బునోత్'. కాసేపటికి నేల అద్దంలా మెరుస్తుంది, మనిషికి చెమట పడుతుంది. వెనకటి తరం ఫిలిపినో పిల్లలకు సెలవు రోజు ఇంటిపని ఇదే. కరెంటు అక్కర్లేదు. డొక్క అరిగిపోతే పొయ్యిలోకి.

అన్నం మూటలు, బియ్యపు ఆకులు

కోనసీమ వాళ్లకు పొట్టిక్కలు తెలుసు. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. సెబు దీవిలో దానికి అన్నలాంటిది ఉంది. లేత కొబ్బరాకులను చాపలా అల్లి, పిడికిలంత సంచి చేసి, అందులో కొంచెం బియ్యం పోసి, మూసి, నీళ్లలో వేసి ఉడకబెడతారు. బియ్యం ఉబ్బి సంచి నిండా గట్టిగా కూర్చుంటుంది. దీన్ని 'పుసో' అంటారు. నిప్పులమీద మాంసం కాల్చి అమ్మే బళ్ల దగ్గర ఇవి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. కత్తితో రెండు చేసి, ఆకు పట్టుకుని, అన్నం తినేయడమే. ప్లేటూ లేదు, చెంచా లేదు, కడగాల్సిందీ లేదు.

ఇంతకంటే ముచ్చటైనది లుక్‌బాన్ పట్టణంలో చూడాలి. ఏటా మే 15న, రైతుల పునీతుడైన సాన్ ఇసిద్రో పేరున 'పాహియాస్' అనే పండుగ చేస్తారు. ఇళ్ల ముందు వరి కంకులు, కూరగాయలు, పళ్లు కడతారు. వాటి మధ్య ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పల్చటి ఆకులు తోరణాలుగా, గుత్తులుగా వేలాడతాయి. ముట్టుకుంటే తెలుస్తుంది అవి ఆకులు కావని. బియ్యప్పిండి జారుగా కలిపి, రంగు వేసి, నిజం ఆకుమీద పూసి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఒలిచిన రేకులు. వాటి పేరు 'కిపింగ్'. ఆకు ఈనెలు కూడా రేకుమీద అచ్చుపడి ఉంటాయి. ఆత్రేయపురంలో పూతరేకులు చేయడం చూసినవారెవరైనా ఆ పనితనాన్ని చటుక్కున గుర్తుపడతారు. పండుగ అయ్యాక తోరణం విప్పి, వేయించుకుని తినేస్తారు. మన వీధుల్లో వినాయక చవితి మర్నాడు మిగిలే థర్మాకోల్ తలుచుకుంటే కొంచెం సిగ్గనిపిస్తుంది.

"తప్పుకో తాతా, పోతున్నాను"

తగాలోగ్ భాషలో గురువును 'గురో' అంటారు. ముఖం 'ముఖా', ఆశ 'ఆసా'. వెయ్యేళ్ల పైబడిన వ్యాపార సంబంధాలతో మలయ దీవుల మీదుగా చేరిన సంస్కృతపు మాటలు ఇవి. దేవత అనే మాట కూడా వెళ్లింది, 'దివాతా' అయింది. అయితే అక్కడ దివాతా గుడిలో ఉండదు. అడవిలో, కొండమీద, చెట్టులో ఉంటుంది.

ఊరి బయట పొదల్లోకి వెళ్లేవాడు, చెట్టు పక్కన ఒంటేలుకు పోవలసినవాడు ముందుగా "తాబి తాబి పో" అంటాడు. "కాస్త పక్కకు జరగండి, దారి ఇవ్వండి" అని గౌరవంగా అడగడం. ఎవరిని? పుట్టలో ఉండే ముసలాయన్ని. ఆయన పేరే 'నునో సా పున్సో', అంటే పుట్టలోని తాత. చెప్పకుండా పుట్టను తొక్కితే కాలు వాస్తుందని నమ్మకం. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనకు ఇదేమీ వింత కాదు. మర్రి జాతి చెట్టు 'బలేతే'ను నరకడానికి జంకుతారు. దానిమీద 'కాప్రే' అనే నల్లటి భూతం కూర్చుని చుట్ట కాలుస్తుంటాడట. ఇవన్నీ మూఢనమ్మకాలే, కాదనను. కాని అటవీ శాఖ బోర్డు ఆపలేని గొడ్డలిని ఆ చుట్ట కాల్చేవాడు చాలాచోట్ల ఆపాడు.

ఆ కొండ కింద పుట్టి, ఆచంటలో పండింది

మనీలాకు దక్షిణంగా లగూనా ప్రాంతంలో మకిలింగ్ అనే కొండ ఉంది. దాని దివాతా పేరు మరియా మకిలింగ్. అడవిని, జంతువులను ఆమె కాపాడుతుందని, అత్యాశకు పోయినవాళ్లకు దారి తప్పిస్తుందని కథలు. సరిగ్గా ఆ కొండ కిందే, లాస్ బానోస్‌లో, 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలిసింది. 1966లో అక్కడినుంచి వచ్చిందే ఐఆర్8 అనే వరి వంగడం. మరుసటి ఏడాది పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువ రైతు దాన్ని పండించి చూపించారు. మన డెల్టాలో పొట్టి వరి అలా పాదం మోపింది.

పుట్టింట్లో మాత్రం ఆ వరిమీద పేచీ మొదలైంది. దిగుబడి పెరిగింది నిజమే. దానితోపాటు ఎరువుల ఖర్చు, మందుల ఖర్చు, అప్పు కూడా పెరిగాయి. తాతలనాటి విత్తనాలు గాదెల్లోంచి మాయమయ్యాయి. 1980ల్లో అక్కడి రైతులు, కొందరు శాస్త్రవేత్తలు కలిసి 'మాసిపాగ్' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ మాటకు కష్టజీవి అని అర్థం. పాత వంగడాలను ఏరి తెచ్చి, పొలంలోనే నాటి, రైతులే సంకరం చేసి కొత్త రకాలు తీస్తారు. ఐఆర్8 ఆకలి తీర్చిందా, అప్పు తెచ్చిందా అని అడిగితే నేనైతే రెండూ అంటాను. ఆచంటలోనూ రెండూ అనేవాళ్లు దొరుకుతారు.

ఫోటోలో ఉన్నది జాబితాలో లేదు

ఇఫుగావో కొండల వరి మెట్లు 1995లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఎక్కింది అయిదు చోట్ల ఉన్న మెట్లు. బనావే పట్టణం దగ్గర యాత్రికులందరూ నిలబడి ఫోటో దిగే ప్రసిద్ధ దృశ్యం ఆ అయిదింటిలో లేదు! వయసుమీద కూడా తగువుంది. రెండు వేల ఏళ్లనాటివని బడి పుస్తకాల మాట. తవ్వి, కర్బన పరీక్షలు చేసిన పరిశోధకులు కొందరు నాలుగు వందల ఏళ్లే అంటున్నారు. స్పానిష్ వాళ్లు వచ్చాక కొండెక్కినవాళ్లు కట్టుకున్నవని వాళ్ల వాదన.

నాకు మెట్లకంటే వాటి పైన ఉన్నది ముఖ్యం అనిపించింది. ప్రతి కుటుంబానికి పొలం పైన వాలులో ఒక అడవి ముక్క ఉంటుంది, పేరు 'ముయోంగ్'. వానను ఆ అడవి పీల్చుకుని ఊటగా వదిలితేనే కింద మడికి నీరు. అందులో కలప కొట్టాలంటే కట్టుబాట్లున్నాయి, కొట్టినచోట మొక్క పెట్టాలి. చెరువు కట్టలేదు, కాలువ తవ్వించమని ఎవరికీ అర్జీ పెట్టలేదు, అడవినే చెరువుగా పెట్టుకున్నారు. అక్కడి పాత వరి పేరు 'తినావోన్'. ఏడాదికి ఒక్కసారి పండేదని ఆ పేరుకు అర్థం. ఏడాదికొక్క పంటతో కడుపు నిండక కుర్రవాళ్లు పట్నం దారి పట్టారు. మెట్లు కూలసాగాయి. 2001లో యునెస్కో వాటిని ప్రమాదంలో ఉన్న జాబితాలోకి మార్చింది, బాగుచేశాక 2012లో తీసింది.

పుట్టనివాళ్లు వేసిన దావా

1990లో మనీలా ప్రాంతపు కోర్టులో ఒక దావా పడింది. వాది పేర్లు చూస్తే నలభై మందికి పైగా చిన్నపిల్లలు. వాళ్ల తరఫున అమ్మానాన్నలు. లాయరు ఆంటోనియో ఒపోసా. పిల్లల్లో ఆయన సొంత బిడ్డలూ ఉన్నారు. ప్రతివాది పర్యావరణ శాఖ మంత్రి ఫాక్టోరాన్. కోరిక ఏమిటంటే అడవులు నరకడానికి కంపెనీలకిచ్చిన లైసెన్సులు రద్దు చేయండి, కొత్తవి ఇవ్వకండి. దావా మేము వేస్తున్నాం, ఇంకా పుట్టనివాళ్ల తరఫున కూడా వేస్తున్నాం అని రాశారు.

కింది కోర్టు కొట్టేసింది. పుట్టని మనిషికి వకాల్తా ఎవరిస్తారు, సంతకం ఎక్కడ పెడతాడు అని మన పల్లెటూరి కరణమైనా అడిగేవాడే. పై కోర్టుకు వెళ్లారు. 1993 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, రాసినవారు జస్టిస్ హిలారియో దావిదే. ఈ పిల్లలు తమకోసం, తమ తరంకోసం, రాబోయే తరాలకోసం దావా వేయవచ్చు అన్నారు. 1987 రాజ్యాంగంలో రాసుకున్న ఆరోగ్యకరమైన పర్యావరణపు హక్కు అలంకారానికి పెట్టింది కాదని, కోర్టులో అడిగి పుచ్చుకోదగ్గదని తేల్చారు. ప్రపంచమంతా న్యాయశాస్త్రం పాఠాల్లో ఈ తీర్పు చెబుతారు.

పాఠాల్లో అంతగా చెప్పనిది ఒకటుంది. ఆ తీర్పు ఒక్క లైసెన్సునూ నేరుగా రద్దు చేయలేదు. విచారణ జరపమని కేసును కింది కోర్టుకే పంపింది. అయినా దారి పడింది. 2010లో అదే సుప్రీంకోర్టు పర్యావరణ కేసులకే ప్రత్యేక నియమాలు రాసి, 'కలికాసన్ రిట్' అనేదాన్ని పెట్టింది. కలికాసన్ అంటే ప్రకృతి. మనకు హెబియస్ కార్పస్ మనిషికోసం ఉన్నట్టు, అక్కడ కొండకోసం, సముద్రంకోసం రిట్ ఉంది. ఇక ఆ వాదుల్లో ఒకరైన ఒపోసా కూతురు ఆనా పెద్దయ్యాక ఫిలిప్పీన్స్ సముద్రాల రక్షణకు ఒక సంస్థ పెట్టినవారిలో ఉన్నారు.

వంకాయ కూడా ఆ రిట్ కిందికే

2010 ఫిబ్రవరిలో మన కేంద్రం జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు బ్రేకు వేసింది గుర్తుందా? అంతకుముందు హైదరాబాదులోనూ బహిరంగ విచారణ జరిగింది, గొడవ గొడవగా. మహారాష్ట్ర కంపెనీ మహికో అభివృద్ధి చేసిన అదే జన్యుమార్పు ఫిలిప్పీన్స్‌కు వెళ్లి 'బీటీ తలోంగ్' అయింది. 2022లో సాగుకు అనుమతి కూడా దొరికింది. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీలు కోర్టు కలికాసన్ రిట్ కింద దాన్ని, దానితోపాటు గోల్డెన్ రైస్ అనే మరో జన్యుమార్పిడి పంటను ఆపేసింది. శాస్త్రవేత్తల్లో చాలామంది ఈ తీర్పును తప్పుబట్టారు. తగువు ఇంకా తెగేది కాదు.

ఆపితే చేపలు పెరిగాయి, వదిలితే తగ్గాయి

దుమగేతే పట్టణంలోని సిల్లిమాన్ విశ్వవిద్యాలయంలో ఏంజెల్ అల్కాలా అనే జీవశాస్త్రవేత్త ఉండేవారు. సముద్రంలో కొంత మేర వల వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది అన్నది ఆయన ప్రశ్న. 1974లో సుమిలోన్ అనే చిన్న దీవి దగ్గర పగడపు దిబ్బల్లో కొంత భాగాన్ని మూయించారు. పదేళ్లు చూశారు. మూసినచోట చేపలు పెరిగి పెద్దవై, హద్దు దాటి బయటికి వచ్చాయి, బయట వల వేసినవాళ్లకు రాబడి బాగుంది. 1984లో రాజకీయాలు మారాయి. కట్టుబాటు తెగింది, మూసినచోటికీ పడవలు పోయాయి. పట్టడానికి చోటు పెరిగింది కాబట్టి చేపలూ ఎక్కువ పడాలి కదా? మొత్తం రాబడి పడిపోయింది. ప్రయోగశాలలో కూడా ఇంత శుభ్రంగా రుజువు దొరకదు. పాపం, చేసింది ప్రయోగం అని ఆ కట్టుబాటు తెంచినవాళ్లకు తెలియదు.

పక్కనే ఆపో అనే మరో దీవి. అక్కడివాళ్లు బాంబులు పేల్చి, విషం చల్లి చేపలు పట్టేవారు, దిబ్బలు చచ్చిపోతున్నాయి. అల్కాలా, ఆయన మనుషులు వెళ్లి కూర్చుని మాట్లాడారు. 1982లో ఊరివాళ్లే తీరంలో చిన్న ముక్కను ఎంచి, ఇక్కడ ఎవరూ పట్టకూడదు అని గీత గీసుకున్నారు. కాపలా కూడా వాళ్లదే. అలాంటి కాపలాదార్లను దేశమంతటా 'బంతాయ్ దాగాత్' అంటారు, సముద్రపు తలారులు. ఇవాళ ఆ దేశంలో ఇలాంటి చోట్లు వెయ్యికి పైగా ఉన్నాయి. కొన్ని కాగితంమీదే, అదీ చెప్పాలి. అల్కాలాకు 1992లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2023లో కన్నుమూశారు.

చీకో నది

ఉత్తరాన చీకో నదిమీద ప్రపంచ బ్యాంకు అప్పుతో నాలుగు డ్యాములు కట్టాలని 1970ల్లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం తలపెట్టింది. మునిగేవి కాళింగ, బోంతోక్ తెగల ఊళ్లు, పొలాలు, సమాధులు. సర్వేకు వచ్చినవాళ్ల గుడారాలను ఆడవాళ్లు పీకేశారు, రొమ్ములు విప్పి ఎదురు నిలిచి తరిమారు. తరతరాలుగా కొట్లాడుకున్న తెగలు 'బోదోంగ్' అనే పాత సంధి పద్ధతిలో ఒక్కటయ్యాయి. వాళ్ల పెద్దల్లో ఒకరు మక్లీ-ఇంగ్ దులాగ్. బడి మెట్లెక్కిన మనిషి కాదు. మనకంటే ఎక్కువ కాలం ఉండే భూమికి మనం యజమానులం ఎలా అవుతామన్నది ఆయన వాదన. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన ఇంటిమీద కాల్పులు జరిపి చంపారు. డ్యాములు కట్టలేదు.

ఇది పాతకథ అనుకోకండి. 2018లో భూమి, పర్యావరణం కోసం పోరాడుతూ హతమైనవారు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఫిలిప్పీన్స్‌లోనే ఉన్నారని గ్లోబల్ విట్‌నెస్ సంస్థ లెక్క చెప్పింది. 30 మంది.

వాట్సాప్‌లో వచ్చింది నిజమేనా?

"ఫిలిప్పీన్స్‌లో పది మొక్కలు నాటితేనే డిగ్రీ పట్టా" అని మీకూ వచ్చే ఉంటుంది. 2019లో ఆ దేశపు దిగువ సభ అలాంటి బిల్లును ఆమోదించింది. అప్పటికి సెనేట్ దాటలేదు, చట్టం కాలేదు. ఫార్వర్డ్ మాత్రం చట్టమైపోయింది.

నోటులో నార

మనీలా తాడు, మనీలా కవరు అంటాం. ఆ నార మనీలాలో పండదు, అక్కడి రేవునుంచి ఓడెక్కింది కాబట్టి ఆ పేరు. అసలు పేరు అబాకా. అరటికి చుట్టమే, పండు తినేందుకు పనికిరాదు, బోదెలోని నార మాత్రం ఉప్పునీటికీ చివకదు. టీ సంచుల్లో, జపాను యెన్ నోట్లలో ఉన్నది ఇదే. ఫిలిప్పీన్స్ కాగితపు నోట్లలో కూడా అయిదో వంతు అబాకా ఉండేది. 2022లో వెయ్యి పెసోల నోటును ప్లాస్టిక్‌లో అచ్చువేస్తే అబాకా రైతులు అభ్యంతరం చెప్పారు. కొత్త నోటుమీద బొమ్మ అంతరించిపోతున్న ఫిలిప్పీన్స్ గద్దది.

రేకుకు కన్నం, సీసాకు నీళ్లు

మురికివాడల్లో రేకుల ఇళ్లు పట్టపగలే చీకటి. లీటరున్నర ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, పాచి పట్టకుండా కాస్త బ్లీచింగ్ కలిపి, పైకప్పుకు కన్నం చేసి సగం బయటికి, సగం లోపలికి దిగేసి, చుట్టూ సందు మూస్తారు. ఎండ నీళ్లలో విరిగి గదంతా పరుచుకుంటుంది. ఆలోచన బ్రెజిల్ మెకానిక్ అల్ఫ్రేదో మోసెర్‌ది. 2011లో ఇల్లాక్ దియాస్ అనే ఫిలిపినో దాన్ని మనీలా వాడల్లోకి తెచ్చి ఊరూరా పాకించారు. రాత్రికి పనిచేయదు, అది వేరే సంగతి.

చివరగా, చిల్లర కొట్టు

ఫిలిప్పీన్స్ వీధిలో ప్రతి పది ఇళ్లకూ ఒక 'సారి సారి' కొట్టు ఉన్నట్టే ఉంటుంది. ఇంటి కిటికీకే జాలీ బిగించిన కొట్టు. ఒక సిగరెట్టు, రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు సీసా వెనిగర్ అలా కొనడాన్ని 'తింగి' అంటారు. తెలిసినవాళ్లకు అప్పు, పద్దు పుస్తకంలో రాసుకుంటారు. మన ఊరి కొట్టే. వెనిగర్‌కో, నూనెకో సీసా ఇంటినుంచి పట్టుకెళ్లేవారు. కొట్టువాడు గరాటు పెట్టి పోసేవాడు.

ఈ అలవాటును కంపెనీలు పట్టుకున్నాయి. రోజుకూలి వాడు ఏ పూటకు ఆ పూట కొంటాడు కదా, షాంపూ, సబ్బుపొడి, కాఫీ, సోయా సాస్ అన్నీ చిన్న పొట్లాల్లో పెట్టారు. మన దక్షిణాది కొట్లలో షాంపూ పొట్లాల దండలు వేలాడడం మొదలైందీ 1980ల్లోనే. 2019లో గాయా అనే సంస్థ ఇళ్ల చెత్తను ఏరి లెక్కకడితే, ఫిలిప్పీన్స్‌లో రోజుకు 16.4 కోట్ల పొట్లాలు వాడి పారేస్తున్నారని తేలింది. పొరలు పొరలుగా అతికిన ఆ పొట్లాన్ని ఏ పాతసామాన్ల వాడూ కొనడు. పేదవాళ్ల పొదుపును సొమ్ము చేసుకుని చెత్తను వాళ్ల గుమ్మంలోనే వదిలేశారు. సముద్రంలో ప్లాస్టిక్‌కు ఆ దేశాన్ని తిట్టేవాళ్లు పొట్లంమీద కంపెనీ పేరు కూడా చదవాలి.

చెత్త గుట్టలు ఏం చేస్తాయో ఫిలిపినోలకు తెలుసు. 2000 జులై 10న, రోజుల తరబడి వానకు నాని, క్వెజోన్ నగరంలోని పయాతాస్ చెత్తకొండ విరిగి కింది గుడిసెలమీద పడింది. 200 మందికి పైగా చనిపోయారు. ఏడు నెలలు తిరక్కముందే చెత్తను ఇంటి దగ్గరే వేరుచేయాలనే చట్టం వచ్చింది. చెత్త కాల్చే యంత్రాలను అంతకు ఏడాది ముందే, 1999లో, నిషేధించారు. ప్లాస్టిక్ పొట్లాలను వెనక్కి తీసుకునే బాధ్యత పెద్ద కంపెనీలమీద పెట్టిన చట్టం 2022లో వచ్చింది. 2028కి 80 శాతం వెనక్కి రావాలన్నది లక్ష్యం.

2023లో మనీలా పక్కనున్న సాన్ హువాన్, క్వెజోన్ నగరాల్లో కొన్ని సారి సారి కొట్లలో డబ్బాలు పెట్టారు. గిన్నెలు తోమే ద్రావకం, బట్టల సబ్బు నీళ్లు విడిగా కొలిచి పోస్తారు. ఆ పథకం పేరులోనూ తింగి అనే మాటే ఉంది. కొంచెం కావాలన్నా పోస్తారు. సీసా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.